కాగితం చదివితే మనిషికి అర్థం కావాలి

(తెలుగు భాషా దినోత్సవం సందర్భంగా ఇస్నాపూర్‌లో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 29 గిడుగు వేంకట రామమూర్తి గారి జయంతి. ఈ రోజున పద్యాలు చదువుకోవడం, పండితులను సన్మానించుకోవడం మనకు ఆనవాయితీ. అది మంచి పనే. అయితే నన్ను రెండు మాటలు చెప్పమని అధ్యక్షుల వారు కోరినప్పుడు, ముప్పయ్యేళ్లకు పైబడి గుమాస్తా ఉద్యోగం చేసినవాడిని గనుక, నాకు తెలిసిన తెలుగును గురించే మాట్లాడతానని మనవి చేశాను. అది కావ్యాల తెలుగు కాదు. విషయము, సూచిక, ఉత్తరువు అని మొదలయ్యే తెలుగు. మన పింఛను కాగితాల మీద, పొలం నోటీసుల మీద, ఇంటి పన్ను బిల్లుల మీద ఉండే తెలుగు. దాన్ని చదివి ఎవరూ ఆనంద బాష్పాలు రాల్చరు. కాని అది తిన్నగా లేకపోతే మాత్రం కొన్ని ఇళ్లలో కన్నీళ్లే మిగులుతాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. కాలం చేసిన ఒక మిత్రుని భార్యకు కుటుంబ పింఛను వస్తోంది. ఏ ఆఫీసు, ఏ ఊరు అన్నది ఇక్కడ అప్రస్తుతం. ఒక ఏడు ఆమెకు ఒక లేఖ వచ్చింది. పేజీ నిండా సూచికలూ నంబర్లూ. చిట్టచివరి వాక్యం ఇది: “కావున తమరు జీవన ధ్రువపత్రమును సకాలములో సమర్పించగలరు.” ఆమె ఏడో తరగతి దాకా చదువుకున్న మనిషి. ఆ లేఖను శుభ్రంగా చదువుకుంది, మడిచి దేవుడి గూట్లో పెట్టుకుంది. నాలుగు నెలలు పింఛను రాలేదు. ఏమయింది చెల్లెమ్మా అని అడిగితే ఆమె చెప్పిన మాట నేను మరచిపోలేను. “సమర్పించగలరు అని రాసిండ్రు గద అన్నా. సమర్పించగలుగుత. మోకాళ్ల నొప్పులు తగ్గినంక పోదమనుకున్న.”

ఆమె తెలుగులో తప్పేముంది? “గలరు” అంటే చేయగల శక్తి ఉన్నదని అర్థం. అలవాటు మీద మన కచేరీలలో దాన్ని మర్యాదకు వాడుతూ వచ్చారు. చేయవచ్చును అంటే మీ ఇష్టం. చేయవలెను అంటే తప్పదు. ఈ రెంటికీ మధ్య “చేయగలరు” అని ఒకటి పెట్టారు. ఆఫీసు లోపల ఒక అధికారి మరో అధికారికి రాసుకుంటే అది ఆజ్ఞే అని ఇద్దరికీ తెలుసు. బయటి మనిషికి ఎలా తెలుస్తుంది? చేయకపోతే నష్టం వచ్చే పనికి “తప్పనిసరిగా ఇవ్వాలి” అని రాయాలి, ఇవ్వకపోతే ఏమవుతుందో కూడా రాయాలి. “ఫలానా తేదీలోగా ఇవ్వండి. ఇవ్వకపోతే ఆ తరువాతి నెల నుంచి పింఛను ఆగుతుంది.” ఇందులో అమర్యాద ఏమీ లేదు. మర్యాద కావాలంటే “దయచేసి” అన్న మాట ఉంది. క్రియను మసకబరచడం మర్యాద కాదు.

అదే వాక్యంలో “సకాలములో” అనే మాట కూడా ఉంది. ఎవరి సకాలం? రాసిన గుమాస్తాకు ఆఖరు తేదీ తెలుసు, చదివిన అమ్మకు తెలియదు. “వెంటనే”, “త్వరలో”, “తగు సమయంలో” అన్నవన్నీ ఆ కోవలోవే. “15 రోజులలోగా” అని అంకె వేసినంత మాత్రాన కూడా చాలదు. ఉత్తరువు తేదీ నుంచా, అది అందిన తేదీ నుంచా? సంతకమైన కాగితం డిస్పాచ్‌లో వారం పడి ఉండి, తపాలాలో ఇంకొన్నాళ్లు తిరిగితే ఆ 15 రోజులలో మిగిలేవి ఎన్ని? “ఈ లేఖ మీకు అందిన నాటి నుంచి 15 రోజులలోగా” అని నాలుగు మాటలు అదనంగా రాస్తే ఒక మనిషి అప్పీలు హక్కు నిలుస్తుంది.

ఈ కచేరీ తెలుగు ఇలా ఎందుకు తయారయిందో కొంచెం వెనక్కి వెళ్లి చూద్దాం. మనది నిజాం ఇలాకా. 1880ల దాకా దస్త్రాలు పారసీలో ఉండేవి, ఆ తరువాత ఉర్దూలో నడిచాయి. తెలుగువాడు తన ఊళ్లోనే తన భూమి కాగితాన్ని మరొకరి చేత చదివించుకోవలసిన రోజులవి. 1921లో హైదరాబాదులో ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారన్న అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ ఉద్యమమే 1930లో మన జోగిపేటలో, సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన, ప్రథమ ఆంధ్ర మహాసభ దాకా వచ్చింది. మన జిల్లా గడ్డ మీద జరిగిన సభ అది. 1948 తరువాత ఇంగ్లీషు వచ్చింది. 1956లో రాష్ట్రం ఏర్పడి, అటు మద్రాసు పద్ధతిలో ఇంగ్లీషు డ్రాఫ్టులు నేర్చినవారు, ఇటు ఉర్దూలో ఫైళ్లు నడిపినవారు ఒకే కచేరీలో పక్కపక్కన కూర్చున్నారు. 1966లో అధికార భాషా చట్టం వచ్చింది. 1974లో అధికార భాషా సంఘం ఏర్పడి, వావిలాల గోపాలకృష్ణయ్య గారు దానికి తొలి అధ్యక్షులయ్యారు. ఊరూరా తిరిగి, తెలుగులో ఫైళ్లు నడపండని చెప్పినవారు ఎందరో ఉన్నారు.

అయితే ఒక చిక్కు మిగిలిపోయింది. అక్షరాలు తెలుగువయ్యాయి గాని, వాక్యం ఇంగ్లీషుదిగానే ఉండిపోయింది. ఇంగ్లీషు డ్రాఫ్టు ముందు పెట్టుకుని మాటకు మాట దింపుతూ పోయారు. అందువల్ల వచ్చినదే “బడు” ధాతువు బెడద. మన ఇళ్లలో “అన్నం తినబడింది, పాలు కాచబడ్డాయి” అని ఎవరైనా అంటారా? కచేరీలో మాత్రం “తమ దరఖాస్తు పరిశీలించబడి తిరస్కరించబడినది” అంటాం. పరిశీలించింది ఎవరు? తిరస్కరించింది ఎవరు? ఏ కారణం మీద? ఆ ఒక్క “బడినది” ముగ్గురిని దాచేస్తుంది. “తిరస్కరించడమైనది” అన్నా అంతే. చేసినవారి పేరు లేకపోతే, ఎవరికి మొర పెట్టుకోవాలో అర్జీదారుకు తెలియదు.

ఇది కేవలం భాషాభిమానం మాట కాదు, చట్టం మాట కూడా. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్‌లో, పరిపాలనా నిర్ణయం వల్ల బాధితులైన వారికి ఆ నిర్ణయానికి కారణాలు చెప్పాలని ఉంది. ప్రజలకు అందించే సమాచారం విషయంలో స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోవాలనీ ఉంది. ఆరో సెక్షన్ ప్రకారం ఆ ప్రాంత అధికార భాషలోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. కనుక “నిబంధనల మేరకు వీలుపడదు” అని రాసి ముగించడం కుదరదు. ఏ నిబంధన, అది ఈ అర్జీకి ఎలా వర్తిస్తుంది అన్నది చెప్పాలి.

ఇక మాటల సంగతి. కొందరు పెద్దలు, కచేరీ తెలుగులో ఉర్దూ పారసీ మాటలు ఏరివేస్తే భాష స్వచ్ఛమవుతుంది, స్పష్టమూ అవుతుంది అంటారు. నేను సవినయంగా విభేదిస్తాను. దరఖాస్తు, మంజూరు, బకాయి, హాజరు, తనిఖీ, నకలు, పంచనామా, పహాణీ — ఇవి ఎక్కడి నుంచి వచ్చినా, ఇవాళ మన ముసలమ్మలకు కూడా తెలిసిన మాటలు. ఈ సంగతిని బ్రౌన్ దొర ఆ కాలంలోనే గుర్తించాడు. తెలుగు నిఘంటువుతో పాటు, కచేరీ వ్యవహారంలో నలిగే మాటల కోసం 1852లో జిల్లా నిఘంటువు అని వేరుగా ఒకటి తయారు చేశాడు. మన పల్లెల్లో పట్టాదారు చనిపోతే, వారసుల పేరు ఎక్కించడాన్ని ఫౌతీ అంటారు, విరాసత్ అంటారు. దానికి బదులు “ఉత్తరాధికార హక్కు నమోదు ప్రక్రియ” అని రాస్తే పండితుడు మెచ్చుకుంటాడేమో గాని, పాశమైలారం రైతు బిత్తరపోతాడు. ఇంగ్లీషు మాటలకూ అదే కొలత. పెన్షన్, బ్యాంకు, నోటీసు అందరివీ అయిపోయాయి. మాట ఎక్కడిదని కాదు, చదివేవాడికి తెలుసా అని అడగాలి.

ఆఫీసు లోపలి మాటలు వేరు. ఫైలు ముగించి లాడ్జి చేస్తే మనం ఎల్.డిస్. అంటాం. మన మధ్య అది చక్కని పొట్టి మాట. కాని “తమ అర్జీ ఎల్.డిస్. చేయడమైనది” అని అర్జీదారుకు జవాబు రాస్తే, ఆయన అది పని అయినట్టనుకోవాలా, కానట్టనుకోవాలా?

మాట ఎన్నుకున్నాక, ఆ మాటనే చివరిదాకా పట్టుకోవాలి. బడిలో వ్యాసం రాసేటప్పుడు ఒకే మాట మళ్లీ మళ్లీ వాడొద్దని చెప్పేవారు. కచేరీ కాగితంలో అది ప్రమాదం. మొదటి పేరాలో పట్టాదారు, రెండో పేరాలో హక్కుదారు, మూడో పేరాలో యజమాని, నాలుగో పేరాలో భూస్వామి అని రాస్తే, చదివేవాడు నలుగురు మనుషులనుకుంటాడు. పాత పహాణీలలో పట్టాదారు పేరు ఒక కాలంలో, సాగు చేసేవాడి పేరు మరో కాలంలో ఉండేవి. ఆ రెండు మాటల తేడా మీద కొన్ని కుటుంబాలు తరాల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాయి. కుటుంబ పింఛను లేఖల్లోనూ అంతే. పింఛనుదారు అంటే చనిపోయిన ఉద్యోగి, కుటుంబ పింఛనుదారు అంటే ఆయన భార్య. లేఖ ఒక్కటే అయినా, ఈ రెండు మాటలు ఎక్కడా కలవకూడదు.

“సదరు” అన్న మాటను గురించి కూడా చెప్పాలి. “పట్టాదారు మరణించగా ఆయన కుమారుడు దరఖాస్తు పెట్టుకున్నందున, సదరు వ్యక్తి పేరు రికార్డు నుండి తొలగించి” అని రాశారనుకోండి. ఎవరి పేరు తొలగించాలి? తండ్రిదా, కొడుకుదా? రాసినవాడికి సందేహం లేదు. రేపు కంప్యూటర్‌లో ఎక్కించేవాడికి వస్తుంది. ఇద్దరు మనుషులున్న చోట సదరు, అట్టి, పైన తెలిపిన అన్న మాటలు మానేసి, ఇంకోసారి పేరు రాస్తే సిరా ఏమీ తరిగిపోదు.

ఇప్పుడు వాక్యం నడకను చూద్దాం. మన తెలుగులో క్రియ చివరికి వస్తుంది. వెళ్లి, చూసి, అడిగి, తెచ్చాను అని గొలుసులా అల్లుకుంటూ పోవచ్చు. అది మన భాషకు అందం. అయితే దానికొక నియమం ఉంది. ఆ వెళ్లడం, చూడటం, అడగడం, తేవడం అన్నీ ఒకే మనిషి చేయాలి. కచేరీ కాగితంలో ఆ నియమం తప్పుతుంది. “దరఖాస్తును పరిశీలించి, సంబంధిత పత్రములు జతచేసి, లోపములు సవరించి తిరిగి సమర్పించినచో తగు చర్య తీసుకొనబడును.” పరిశీలించేది ఆఫీసు. జతచేసేది అర్జీదారు. చర్య తీసుకునేది మళ్లీ ఆఫీసు. ఒకే దారానికి ఇద్దరి పనులు గుచ్చారు. దాన్ని ఇలా రాస్తే ఎలా ఉంటుందో వినండి:

“మీ దరఖాస్తును పరిశీలించాము. అందులో రెండు లోపాలు ఉన్నాయి. ఒకటి, మరణ ధ్రువపత్రం జతచేయలేదు. రెండు, బ్యాంకు ఖాతా నంబరులో ఒక అంకె తక్కువగా ఉంది. ఈ రెండూ సరిచేసి, ఈ లేఖ అందిన నాటి నుంచి 15 రోజులలోగా మా కార్యాలయానికి పంపండి. అవి అందిన తరువాత 30 రోజులలోగా మేము ఉత్తరువు ఇస్తాము.”

ఆరు వాక్యాలయ్యాయి, నిజమే. కాని ప్రతి వాక్యం ముందు వాక్యం చేయి పట్టుకుని నడుస్తోంది. దరఖాస్తు అన్నాం, “అందులో” అన్నాం. రెండు లోపాలన్నాం, ఒకటి, రెండు అని చెప్పాం, “ఈ రెండూ” అన్నాం, “అవి అందిన తరువాత” అన్నాం. తెలిసినది ముందు, కొత్తది వెనుక. చదివేవాడు ఎక్కడా ఆగి వెనక్కి చూడనక్కరలేదు. పత్రంలో పొందిక అంటే ఇదే.

పొందిక వాక్యాలకే కాదు, కాగితం మొత్తానికీ కావాలి. ఈ మధ్య వియత్నాం దేశంలోని కార్యాలయ పత్రాల పద్ధతిని గురించి చదివాను. వారి చరిత్ర కొంత మన చరిత్రలాగే ఉంది. శతాబ్దాల తరబడి అక్కడ ప్రభుత్వ పత్రాలు చైనా లిపిలో నడిచాయి. ఇప్పుడు రోమన్ అక్షరాలలో తమ భాషనే రాసుకుంటున్నారు. అయినా మనకు పారసీ, సంస్కృత పదాల్లాగే, వారి కచేరీ భాషలో చైనా మూలపు పదాలు బోలెడు నిలిచిపోయాయి. 2020 మార్చిలో అక్కడి ప్రభుత్వం దఫ్తరు పనుల మీద ఒక డిక్రీ జారీ చేసి, పత్రంలో ఏది ఎక్కడ ఉండాలో నిర్ణయించింది. జారీ చేసిన సంస్థ పేరు, నంబరు, స్థలం, తేదీ, విషయ సారాంశం, ఆ తరువాత అసలు సంగతి, సంతకం. నిర్ణయ పత్రమైతే, ఏ చట్టం ఆధారంగా నిర్ణయం తీసుకున్నారో ఆ ఆధారాలన్నీ మొదట వరుసగా ఉంటాయి. తరువాత ఒకటో అంశం, రెండో అంశం అని విడివిడిగా నిర్ణయాలు. చివరి అంశంలో దీన్ని అమలు చేసే బాధ్యత ఎవరిదో చెబుతారు. అడుగున ఎడమ పక్క, ఇది ఎవరెవరికి చేరాలో జాబితా ఉంటుంది.

మన ఉత్తరువులలోనూ విషయం, సూచిక, ఉత్తరువు, జతపరచినవి, నకలు అన్న వరుస ఉంది. పద్ధతి లేనివాళ్లం కాము. లోపం ఎక్కడంటే, “తగు చర్య నిమిత్తం పంపడమైనది” అని వదిలేస్తాం. ఎవరు, ఏ పని, ఎప్పటిలోగా అన్న ఆఖరి అంశం మన కాగితాల్లో తరచుగా కనబడదు. ఆ ఒక్క అంశం లేకనే ఫైలు బల్ల మీంచి బల్ల మీదికి తిరుగుతుంది.

సులభంగా రాస్తే కోర్టులో నిలవదని కొందరు భయపడతారు. చట్టంలోని పారిభాషిక పదాన్ని మార్చమని నేననడం లేదు. జప్తును జప్తనే రాయండి. దాని చుట్టూ ఉన్న వాక్యాన్ని తిన్నగా రాయమంటున్నాను. కోర్టులో పేచీ వచ్చేది స్పష్టమైన వాక్యం మీద కాదు, రెండు అర్థాలు వచ్చే వాక్యం మీద. మనం ఎవరి డ్రాఫ్టులను చూసి నేర్చుకున్నామో ఆ ఇంగ్లీషువారే దీన్ని గ్రహించారు. 1948లో వారి ఆర్థిక శాఖ కోరగా ఎర్నెస్ట్ గవర్స్ అనే ఉన్నతోద్యోగి, గుమాస్తాలు సాదా మాటల్లో ఎలా రాయాలో పుస్తకం రాశాడు. వారు వదిలించుకోవాలనుకున్న బరువును మనం ఇంకా మోయడం ఎందుకు?

మన ఇస్నాపూర్‌కు ఈ సంగతి మరీ ముఖ్యం. పటాన్‌చెరు నుంచి పాశమైలారం దాకా ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చిన కార్మికులు మన అద్దె ఇళ్లలోనే ఉంటున్నారు. ఫ్యాక్టరీలలో పెట్టే నోటీసులు ఇంగ్లీషులోనూ, అక్కడి కార్మికులలో ఎక్కువ మందికి అర్థమయ్యే భాషలోనూ ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. చదివేవాడికి అర్థం కాని హెచ్చరిక హెచ్చరిక కాదని ఆ చట్టం చేసినవారికి తెలుసు. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో పదుల సంఖ్యలో కార్మికులు చనిపోయారు. వారిలో ఇతర రాష్ట్రాలవారు చాలామంది. అటువంటి విపత్తులో అయినవాళ్లను పోగొట్టుకుని, భాష తెలియని ఊళ్లో నిలబడిన మనిషి చేతికి మరణ ధ్రువపత్రమో పరిహారపు దరఖాస్తో వస్తుంది. ఆ కాగితం అర్థం కాకపోతే అది దుఃఖం మీద దుఃఖం.

ఇప్పుడు కంప్యూటర్లు, సెల్‌ఫోన్లు వచ్చాయి. జీవన ధ్రువపత్రం 2014 నుంచి వేలిముద్రతో ఇచ్చే వీలు కలిగింది. భూమి రికార్డులు 2020లో ధరణికి, 2025లో భూభారతికి మారాయి. యంత్రం వేగంగా పంపుతుంది, సందేహం లేదు. కాని అర్థం కాని వాక్యాన్ని వేగంగా పంపితే, అర్థం కాకపోవడమే వేగంగా చేరుతుంది.

పెద్దలకు మూడు మనవులు చేసి ముగిస్తాను. మొదటిది, మన సంఘ కార్యాలయంలో వారానికి ఒక పూట ఇద్దరు సభ్యులం కూర్చుందాం. పింఛనుదారులైనా, ఇరుగుపొరుగువారైనా, అర్థం కాని కాగితం తెస్తే చదివి చెబుదాం. మన అనుభవానికి ఇంతకన్నా మంచి ఉపయోగం లేదు. రెండవది, జీవన ధ్రువపత్రం, కుటుంబ పింఛను, బకాయి చెల్లింపు, ఈ మూడింటికి తేట తెలుగులో నమూనా లేఖలు తయారు చేసి, సంబంధిత అధికారులకు వినయపూర్వకంగా అందజేద్దాం. ఫిర్యాదుగా కాదు, పాత ఉద్యోగుల సలహాగా. మూడవది కుటుంబ సభ్యులకు. ఇంట్లో పెద్దవాళ్లకు లేఖ వస్తే అందులో మూడు సంగతులు వెతకండి: ఎవరు చేయాలి, ఏం చేయాలి, ఏ తేదీలోగా చేయాలి. మూడింటిలో ఏ ఒక్కటి కనబడకపోయినా, ఆ కార్యాలయానికి అదే రోజు రాసి అడగండి. అడగడం మీ హక్కు.

రామమూర్తి గారు జనం మాట్లాడే భాష బడిలోకి రావాలని జీవితమంతా పోరాడారు. అది బడిలోకి వచ్చింది, పత్రికల్లోకి వచ్చింది. కచేరీ గుమ్మం దగ్గర ఇంకా కొంత తటపటాయిస్తోంది. లోపల బల్ల ముందు కూర్చున్న నేటి ఉద్యోగులు మన పిల్లల వయసువారు. కలం పట్టే ముందు ఒక్క క్షణం, ఈ కాగితాన్ని మా అమ్మ చదివితే ఆమెకు అర్థమవుతుందా అని అనుకోమని వారికి చెబుదాం.